కొలువు విడువక చదివిన గురువులు

పాఠము చెప్పుట ఒక పని. పాఠము చెప్పుటను నేర్చుకొనుట వేరొక పని. ఈ రెండు పనులను ఒకే మనుష్యుడు ఒకే కాలమున చేయవచ్చునా అను ప్రశ్న మన దేశమున ఎంతోకాలముగ నలుగుచున్నది. పగలు పది గంటలకు బడికి పోయి నలువదిమంది పిల్లల ఎదుట నిలుచు ఉపాధ్యాయుడు, రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట దీపము దగ్గరకు జరుపుకొని, తరగతిని ఎట్లు నడుపవలెనో చెప్పు పుస్తకమును తెరచుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. పెండ్లియైన తరువాత వధువును వెదకినట్లున్నదని హాస్యమాడినవారును లేకపోలేదు. కాని మన ఉన్నత పాఠశాలలలో పనిచేసిన వేలకొలది గురువుల జీవితము ఇట్లే గడచినది. కొలువు మానుకొని ఒక సంవత్సరము శిక్షణ కళాశాలకు పోవుటకు ఇంటి పరిస్థితులు ఒప్పుకొనలేదు. శిక్షణ లేనిదే కొలువు నిలుచునన్న నమ్మకము లేదు. ఈ రెంటి నడుమ వారికి దొరకిన సన్నని దారి ఎట్లు ఏర్పడినదో, ఎట్లు వెడల్పయినదో, మరల ఎందుకు ఇరుకైనదో చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము.

1854వ సంవత్సరమున ఒకదానితో ఒకటి సంబంధము లేనట్లు కానవచ్చు రెండు సంగతులు జరిగినవి. జులై 19వ తేదీన ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు లండనునుండి ఒక విద్యాపత్రమును పంపిరి. చార్లెస్ వుడ్ పేరిట ప్రసిద్ధికెక్కిన ఆ పత్రము, ఉపాధ్యాయులకు ప్రత్యేకముగ శిక్షణశాలలు నెలకొల్పవలెననియు, శిక్షణ పొందు కాలమున వారికి భృతి ఈయవలెననియు చెప్పెను. అదే సంవత్సరము అక్టోబరులో, దూరముతో నిమిత్తము లేక దేశమున ఏ మూలకైనను అర్ధణాకు ఉత్తరము పోవు ఏర్పాటు అమలులోనికి వచ్చెను. మొదటిది గురువును ఊరు విడిచి రమ్మని పిలిచినది. రెండవది గురువున్న ఊరికే కాగితమును చేర్పగలిగినది. ఉపాధ్యాయ శిక్షణయు తపాలా సంచియు ఒకదానినొకటి కలిసికొనుటకు మాత్రము ఇంకను 112 సంవత్సరములు పట్టినది.

చెన్నపట్టణమున ప్రభుత్వ శిక్షణశాల 1856లో ఆరంభమయ్యెను. కాలక్రమమున అదియే సైదాపేట ఉపాధ్యాయ కళాశాలయై దక్షిణదేశమంతటను పేరుపొందినది. 1882లో హంటర్ అధ్యక్షతన విద్యాసంఘము విచారణ సాగించునాటికి ఉన్నత పాఠశాలల గురువులకు తర్ఫీదునిచ్చు విద్యాలయములు దేశమంతటికిని రెండే రెండు: ఒకటి మదరాసున, రెండవది లాహోరున. బోధనా సూత్రములలోను, బోధనా విధానములోను ఒక పరీక్ష పెట్టవలెననియు, అందు కృతార్థులైనవారినే ఉన్నత పాఠశాలలలో స్థిరముగ నియమింపవలెననియు ఆ సంఘము సిఫారసు చేసెను. తరువాత వచ్చిన ఎల్.టి. పట్టము సంగతి మన పెద్దలు చెప్పగా వినియే యుందురు. పేరు చివర బి.ఏ., ఎల్.టి. అని ఉన్న హెడ్మాష్టరుగారికి ఊరిలో తహశీల్దారుకు తీసిపోని గౌరవముండెడిది.

1904లో కర్జను ప్రభువు కాలమునాటి విద్యా తీర్మానము పట్టభద్రులకు ఒక సంవత్సరము శిక్షణ నిర్ణయించి, ప్రతి శిక్షణ కళాశాలకును అభ్యాస పాఠశాల ఒకటి అనుబంధముగ ఉండవలెనని విధించెను. 1913 నాటి మరియొక తీర్మానము, కాలక్రమమున అర్హతాపత్రము లేని ఉపాధ్యాయుడెవ్వడును బోధింపరాదను లక్ష్యమును ముందుంచెను. లక్ష్యము ఉదాత్తమైనదే. అయితే శ్రీకాకుళము ప్రాంతమున ముప్పది రూపాయల జీతగాడు సైదాపేటకు పోవుట ఎట్లు? రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలు వంతెన తెరచినది 1900లో. అంతకుముందు ఉత్తరపు జిల్లాలవారు నదిని దాటి మరల బండి ఎక్కవలసినదే. రాజమహేంద్రవరముననే శిక్షణ కళాశాల ఏర్పడిన పిమ్మట దూరభారము కొంత తగ్గినది గాని, సంవత్సరకాలము ఇల్లు విడిచియుండుట తప్పలేదు.

ఇల్లు విడువలేనివారికి మదరాసు విశ్వవిద్యాలయము ఒక వాకిలి తెరచియుంచెను. పనిలోనున్న ఉపాధ్యాయుడు కళాశాల హాజరు లేకయే, ఇంటివద్ద చదువుకొని సాధారణ పట్ట పరీక్షలకు కూర్చుండవచ్చును. ఈ వాకిట ప్రవేశించినవారిలో మన జాతి మరువరాని వ్యక్తి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో జన్మించిన ఆయనకు తండ్రి చిన్ననాటనే గతించిరి. విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి సంవత్సరమున పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతమున చిన్న తరగతికి చరిత్ర చెప్పుటకు చేరిరి. అప్పటికి ఆయన వయస్సు పదునేడు. పాఠశాలలో పాఠములు చెప్పుచునే 1886లో ఎఫ్.ఏ. పరీక్ష నిచ్చిరి. మరి పది సంవత్సరములకు, 1896లో, చరిత్ర ముఖ్యపాఠ్యముగ బి.ఏ. పూర్తిచేసిరి. ఉద్యోగమున చేరిన నాటినుండి లెక్కింపగా పదునారేండ్లు. నేడు రెండేండ్లలో ముగియవలసిన కోర్సు మూడేండ్లు పట్టినచో తలపట్టుకొను మనకు ఈ పదునారు సంవత్సరములను తలచుకొనుటయే కష్టము.

పంతులుగారి చరిత్రలో మన ప్రసంగమునకు కావలసిన అంశము ఇంకొకటి కలదు. పట్టము చేతికివచ్చిన తరువాత బోధనావిధానమును గురించిన ఆయన చదువు నిజముగ మొదలైనదని చెప్పవచ్చును. సవరలతో మాటలాడి వారి భాషను నేర్చుకొని, ధ్వనిశాస్త్రమును తనంతట తాను అభ్యసించి, భాషను నేర్పవలసిన పద్ధతి యేదియని విచారించిరి. పాఠశాలల తనిఖీదారైన యేట్సు దొరగారు, జీవద్భాషను ముందు నోటితో నేర్పవలెనను పద్ధతిని ప్రచారము చేయుచు ఈ ప్రాంతమునకు వచ్చినపుడు, దానిని అందుకొనుటకు పంతులుగారు సిద్ధముగ నుండిరి. పాఠశాలలలో ఏ తెలుగు నేర్పవలెనను వాదము అక్కడనుండియే చెలరేగినది. ఆ మహనీయుడు జీవించియుండి ఈ ప్రసంగపు భాషను చూచినచో చిరునవ్వు నవ్వి ఊరకుందురో, కఱ్ఱ పుచ్చుకొందురో చెప్పజాలము.

ఇక కళాశాలకు పోగలిగినవారి సంగతి. 1909లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగమున చేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిని సైతము మరుసటి సంవత్సరమున శిక్షణకై సైదాపేటకు పంపిరి. అచ్చట ఆయన తోడి విద్యార్థులకు మనస్తత్త్వశాస్త్రముపై చేసిన ఉపన్యాసములు 1912లో చిన్న పుస్తకముగ వెలువడినవి. శిష్యుడుగ పోయి గురువై వచ్చుటన్న ఇదియే గదా! కాని అట్టి అవకాశము ప్రభుత్వోద్యోగికి దొరకినంత సులభముగ, జిల్లాబోర్డు పాఠశాలలోనో ప్రైవేటు యాజమాన్యమున నడచు పాఠశాలలోనో పనిచేయువానికి దొరకలేదు.

సముద్రమునకు ఆవలి వారి అనుభవమును గూడ ఇచ్చట కొంత చెప్పవలెను. ఇంగ్లండులో ఈ దారిని మొదట వేసినది ప్రభుత్వము కాదు, ఉపాధ్యాయులే. ప్రైవేటు పాఠశాలల గురువులు 1846లో 'కాలేజి ఆఫ్ ప్రిసెప్టర్స్' అను సంఘమును స్థాపించి, 1849లో రాజశాసనము పొంది, తమ వృత్తివారికి తామే పరీక్షలు పెట్టి అర్హతాపత్రములు ఈయసాగిరి. బోధనాశాస్త్రమునకై ఆ దేశమున మొదటి ఆచార్యపీఠమును ఏర్పరచినది గూడ ఈ సంఘమే. 1873లో జోసెఫ్ పెయిన్ ఆ పీఠము నలంకరించెను. ఏ ఊరిలోనైనను పనిచేసికొనుచు చదివి, పరీక్షనాటికి మాత్రము వచ్చి వ్రాసి పోవచ్చును. 1858నుండి లండను విశ్వవిద్యాలయము సైతము తన పట్టములను కళాశాల నియమము లేకయే ఇయ్యసాగెను. 1887లో విలియం బ్రిగ్స్ కేంబ్రిడ్జియందు ఉత్తరములద్వారా పాఠములు నడుపు విద్యాలయమును నెలకొల్పి, లండను పరీక్షలకు పోవు ఉపాధ్యాయులకును ఇతర ఉద్యోగులకును ఇంటివద్దకే పాఠములు పంపసాగెను.

ఈ మూడు సదుపాయములను పూర్తిగ వాడుకొన్న ఒక బడిపంతులు పేరు లోకమంతటికిని తెలియును, బడిపంతులుగ మాత్రము గాదు. ఆయనయే హెచ్.జి. వెల్సు. కాలయంత్రమును, అదృశ్యమానవుని, అంగారకవాసుల దండయాత్రను కల్పించిన ఆ రచయిత తొలుత విజ్ఞానశాస్త్ర విద్యార్థిగ లండనున హక్స్లీ పాఠములు విన్నవాడు. మూడవ యేట పరీక్ష తప్పి 1887లో పట్టము లేకయే బయటపడినవాడు. వేల్సున ఒక చిన్న పాఠశాలలో పంతులుగ చేరి, పిల్లలతో ఫుట్బాల్ ఆడుచు దెబ్బతగిలి మంచము పట్టెను. కోలుకొని 1889లో లండనునందలి హెన్లీ హౌస్ అను బడిలో కుదిరెను. ఆ బడిని నడపిన మిల్నుగారి చిన్న కుమారుడే తరువాత బాలసాహిత్యమున ప్రసిద్ధుడైన ఏ.ఏ. మిల్ను. పగలు ఆ పిల్లలకు పాఠములు చెప్పి, మిగిలిన వేళలలో తాను చదువుకొని, వెల్సు ఉపాధ్యాయ సంఘమువారి డిప్లొమాను, దానితోబాటు కొంత బహుమానపు సొమ్మును గూడ సంపాదించెను. 1890లో లండను బి.ఎస్‌సి. పట్టమందెను. ఆపైన బ్రిగ్స్ సంస్థలోనే జీవశాస్త్ర బోధకుడై, 1893లో ఆ విద్యార్థులకొరకు పాఠ్యపుస్తకమును రచించెను.

కాని ఈ కథయందే ఈ పద్ధతికి గల లోపము సైతము కానవచ్చుచున్నది. వ్రాతపరీక్ష గురువు చదివినదానిని కొలువగలదు. తరగతిలో ఆతడు చేయుదానిని కొలువజాలదు. వెల్సు మంచి బోధకుడగుట ఆతని అదృష్టము, ఆతని శిష్యుల అదృష్టము. అదే కాగితమును చేతబట్టుకొని పిల్లలను నోరెత్తనీయని గురువుండవచ్చును. వైద్యుడు రోగిని ముట్టకయే పరీక్షలో నెగ్గినట్లే ఇదియును. మన దేశమున పట్టపరీక్షకు ప్రైవేటు చదువు అంగీకరించిన పెద్దలు శిక్షణ పట్టమునకు మాత్రము చిరకాలము దానిని అంగీకరింపకపోవుటకు కారణము ఈ సంకోచమే. ఆ సంకోచమును తేలికగ త్రోసిపుచ్చుటకు వీలులేదు.

స్వాతంత్ర్యము వచ్చెను. పాఠశాలలు పెరిగెను. రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, శిక్షణ కళాశాలలలో గ్రంథపాఠము తగ్గించి పాఠశాలయందలి అభ్యాసమునకు ఎక్కువ కాలము, ఎక్కువ మార్కులు ఈయవలెనని చెప్పెను. ఒకనాడు సైదాపేట విద్యార్థిగ నుండినవారే ఈ మాట చెప్పుట గమనింపదగినది. లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన 1952-53లో వెలసిన మాధ్యమిక విద్యాసంఘము, శిక్షణకు రుసుము పుచ్చుకొనరాదనియు, ఉద్యోగమునుండి వచ్చినవారికి శిక్షణకాలమున వారి జీతమే ఈయవలెననియు సిఫారసు చేసెను. ఈ చివరి సిఫారసు అక్షరాల అమలైనచో మన కథ ఇచ్చటనే ముగియవలసినది. ప్రతి గురువును జీతముతో కళాశాలకు పంపి, ఆతని స్థానమున వేరొకరిని నియమించి, వారికిని జీతమిచ్చు స్తోమతు ఏ రాష్ట్రమునకుండెను? అందుచేత శిక్షణ లేని గురువులు పాఠశాలలలో మిగిలిపోవుచునే వచ్చిరి. శిక్షితుడు దొరకువరకే అను షరతుపై కుదిరినవాని బ్రతుకు ఎట్టిదో ఊహించుకొనవచ్చును. జీతపు తరగతి తక్కువ, స్థిరత్వము శూన్యము.

1961లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి స్థాపితమయ్యెను. ఆ మండలి యాజమాన్యమున 1963లో అజ్మీరు, భోపాలు, భువనేశ్వరము, మైసూరు నగరములందు నాలుగు ప్రాంతీయ విద్యా కళాశాలలు వెలసినవి. ఆంధ్రప్రదేశ్, మదరాసు, కేరళ, మైసూరు రాష్ట్రములకు మైసూరు కళాశాల ఏర్పాటైనది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము ఉత్తరములద్వారా బి.ఏ. బోధన మొదలిడి, తపాలా పాఠము పట్టమునకు పనికివచ్చునని చూపెను. 1964 జులైలో నియమితమైన కొఠారి విద్యాసంఘము 1966 జూనులో తన నివేదికను సమర్పించెను. ఉపాధ్యాయ శిక్షణకు పట్టిన ముఖ్యరోగము ఏకాంతవాసమని ఆ సంఘమువారు నిర్ణయించిరి. శిక్షణ కళాశాలలు విశ్వవిద్యాలయ జీవనమునకు దూరము, పాఠశాలలకు దూరము, తమలో తమకు సైతము దూరము. మరియు 1986 నాటికి ఉన్నతవిద్యలో చేరువారిలో మూడవవంతు సాయంకాలపు తరగతులద్వారాను, తపాలాపాఠములద్వారాను చదువుకొను ఏర్పాటుండవలెనని సూచించిరి.

ఈ నేపథ్యమున 1966లో ప్రాంతీయ కళాశాలలలో వేసవి పాఠశాలయు తపాలా పాఠములును కలిసిన బి.ఎడ్. కోర్సు ఆరంభమయ్యెను. దాని నిర్మాణము తెలిసికొనదగినది. పాఠశాలకు వేసవి సెలవులు ఈయగనే ఉపాధ్యాయుడు మైసూరు చేరును. రెండు నెలలు అచ్చటనే ఉండి విద్యాతత్త్వము, మనస్తత్త్వశాస్త్రము, తాను చెప్పు పాఠ్యవిషయములకు సంబంధించిన బోధనాపద్ధతులు నేర్చుకొనును. ప్రవీణులు చెప్పు మాదిరి పాఠములను చూచును. జూనులో తన బడికి మరలిపోవును. తదుపరి పది మాసములు ముద్రితపాఠములు తపాలాలో వచ్చుచుండును. వాని వెంట వచ్చు ప్రశ్నలకు జవాబులు వ్రాసి పంపినచో అధ్యాపకులు దిద్ది, వ్యాఖ్యతో తిప్పిపంపుదురు. అభ్యాస పాఠములు తన సొంత బడిలో, తన సొంత తరగతికే చెప్పవలెను. వానిని అనుభవముగల శిక్షితులు పరిశీలింపవలెను. మరుసటి వేసవిలో మరల రెండు నెలలు మైసూరు. మొత్తము పదునాలుగు మాసములు. బడిలో ఒక్కనాటి పాఠమైనను ఆగలేదు. ఇంటికి రావలసిన జీతము నిలువలేదు.

బెజవాడ, కడప ప్రాంతముల ఎండలు ఎరిగిన మన గురువులకు ఏప్రిలు మే మాసములందు మైసూరు వాసము శిక్షగ తోచియుండదు. అది అటుండనిండు. నాలుగు భాషల ఉపాధ్యాయులు ఒక్క భోజనశాలలో కూర్చుండి, మా బడిలో తొమ్మిదవ తరగతి ఇట్లు, మీ బడిలో ఎట్లు అని చెప్పుకొను అవకాశము వారిలో పెక్కుమందికి అదివరకు లభించినది గాదు. కొఠారి సంఘము చెప్పిన ఏకాంతవాసమునకు, వింతగ, ఈ దూరవిద్యయే కొంత మందైనది.

ఈ కోర్సుకు గల అసలు బలము వేరొకచోట నున్నది. శిక్షణ కళాశాలలో చదువు యువకుడు అభ్యాసపాఠము చెప్పునపుడు ఆ తరగతి ఆతనిది కాదు. పిల్లలు అరువు తెచ్చుకొన్నవారు. వారము పదిదినములలో ఆతడు వెడలిపోవును. పాఠము అర్థమైనదో లేదో వార్షిక పరీక్షనాడు చూచువాడు వేరొకడు. పనిలో ఉన్న గురువుకు అట్లుగాదు. మరచిపోవుటను గూర్చి తపాలాపాఠములో చదివిన సంగతిని మరునాడే తన తరగతిలో, తన పేరుపెట్టి పిలువగల పిల్లలపై పరీక్షించి చూడవచ్చును. వెనుక బల్లపై కూర్చుండు కుఱ్ఱడు ఎందుకు పలుకడో ఏడాది పొడవునను గమనింపవచ్చును. పుస్తకపు మాట తప్పని తోచినచో జవాబు పత్రములోనే ప్రశ్నింపవచ్చును. పది సంవత్సరముల అనుభవముతో చదువు మనుష్యుడు చదువు రీతి వేరు.

అయితే ఇదియంతయు ఒక్క మేకుపై వ్రేలాడుచున్నది. అభ్యాసపాఠమును చూచువాడెవడు? మైసూరు అధ్యాపకుడు అదిలాబాదు జిల్లాలోని ప్రతి పాఠశాలకును రాజాలడు. అందుచేత ప్రధానోపాధ్యాయుని మీదనో, తోడి శిక్షితుని మీదనో ఆధారపడవలెను. ఆయన మనసు పెట్టినచో శిష్యుడు ధన్యుడు. పాఠపు పథకమునకు అడుగున సంతకము చేయుటకు అర నిమిషము చాలును. తరగతి వెనుక కూర్చుండి నలువది నిమిషములు చూచి, ముప్పావుగంట చర్చించుటకు ఓపిక కావలెను. పైగా, తన కొలువు తన ప్రధానోపాధ్యాయుని దయపై నున్నవాడు ఆయన పాఠపద్ధతికంటె భిన్నమైనదానిని ధైర్యముగ చేసి చూపగలడా? ఈ ప్రశ్నకు ఏ కోర్సును పూర్తిగ సమాధానమీయలేదు.

స్త్రీల విషయమును ప్రత్యేకముగ చెప్పవలెను. పసిబిడ్డల తల్లియగు ఉపాధ్యాయిని ఏడాదిపాటు వేరొక పట్టణమున వసతిగృహములో ఉండుట మన కుటుంబములలో అరుదు. తపాలాపాఠము ఆమెకు గొప్ప వరము. కాని రెండు వేసవులు గూడ ఇల్లు విడువవలెనన్న నియమము ఆమె దారిలో మరల గోడయై నిలిచినది. అత్తగారో అమ్మగారో పిల్లలను చూచుకొనుటకు ఒప్పుకొన్ననే ఆమెకు పట్టము. ఆ కాలపు బి.ఎడ్. పట్టముల వెనుక ఎందరు అమ్మమ్మల శ్రమ దాగియున్నదో ఏ నివేదికయు లెక్కింపలేదు.

1970 తరువాత కథ మారినది. అనేక విశ్వవిద్యాలయములు తపాలాపాఠముల శాఖలు తెరచినవి; వానిలో కొన్ని బి.ఎడ్.ను గూడ చేర్చినవి. మైసూరు పద్ధతిలో వేసవి వాసము, జవాబు పత్రములు, తరగతి పరిశీలన మూడును ఖర్చుతో కూడినవి. వేలమందిని చేర్చుకొను శాఖకు ఈ మూడును భారములే. క్రమముగ కొన్నిచోట్ల సంపర్క తరగతులు కొద్ది దినములకు కుదించుకొనిపోయినవి; పాఠశాల ముఖము చూడనివారు సైతము చేరసాగిరి. పనిచేయు గురువునకై పుట్టిన పద్ధతి, పట్టము మాత్రమే కావలసినవారికి అడ్డదారియైనది. ఈ మాట కఠినమే గాని, దూరవిద్యా శిక్షణకు వచ్చిన చెడ్డపేరునకు మూలము ఇదియే.

రేడియో ఉన్న ఇండ్లవారికి ఆసక్తి కలిగించు సంగతి ఒకటి ఈ నడుమ జరిగినది. 1975 ఆగష్టు 1వ తేదీనుండి ఒక సంవత్సరము, అమెరికా ఉపగ్రహము సహాయమున ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో నొకటి. సెలవు దినములలో ఆ గ్రామముల టెలివిజను పెట్టెల ముందు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు సుమారు 50 వేలమందిని కూర్చుండబెట్టి విజ్ఞానశాస్త్ర బోధనలో పండ్రెండు దినముల చొప్పున తర్ఫీదునిచ్చిరి. వారు ఉన్నత పాఠశాలల గురువులు కారు. అయినను ఒకే పాఠమును ఒకే గడియలో దేశపు నాలుగు చెరగుల గురువులకు వినిపింపవచ్చునని తేలినది. టెలివిజను పాఠముతోబాటు రేడియో పాఠము, అచ్చు పుస్తకము, చేతితో చేయు ప్రయోగము గూడ ఉండుట ఆ ఏర్పాటులోని విశేషము.

ఇంగ్లండున 1969లో రాజశాసనమంది, 1971 జనవరిలో పాఠములు ప్రారంభించిన సార్వత్రిక విశ్వవిద్యాలయములో తొలియేట చేరినవారిలో ఉపాధ్యాయులే పెద్ద వర్గము. వారు ఆకాశవాణివంటి బి.బి.సి. ప్రసారములను వినుచు తమ పట్టములను పూర్తిచేసికొనిరి. ఆ విశ్వవిద్యాలయమే 1994లో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయ శిక్షణను పదునెనిమిది నెలల ఐచ్ఛికకాల చదువుగ ప్రారంభించి, విద్యార్థులు ఇంటినుండియే కంప్యూటరుద్వారా ఒకరితోనొకరు సంభాషించు ఏర్పాటు చేసెను. తరగతిలో అభ్యాసము మాత్రము పాఠశాలలోనే, అచ్చటి అనుభవజ్ఞుడైన మార్గదర్శి సమక్షముననే. ఇంగ్లండున ఆ శిక్షణ తరువాత ఆగిపోయినను, వేల్సున 2020నుండి ఐచ్ఛికకాల శిక్షణ మరల నడుపుచున్నారు. వెల్సు దెబ్బతిని మంచము పట్టిన దేశముననే ఇది మరల మొలకెత్తుట కాకతాళీయము.

మన దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982 ఆగష్టులో ఆంధ్రప్రదేశమున వెలసినది. దాని తొలి ఉపాధ్యక్షులు జి. రాంరెడ్డిగారు, 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు సైతము ఆయనయే తొలి ఉపాధ్యక్షులైరి. 1991లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరుపెట్టిరి. జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము 2000లో, పనిలో ఉన్న ఉపాధ్యాయులకై రెండు సంవత్సరముల బి.ఎడ్. ఆరంభించినది. మూడు దశాబ్దులకు ముందు మైసూరులో పదునాలుగు మాసములలో చెప్పిన చదువునకు ఇప్పుడు రెండేండ్లు కేటాయించుట ఒక విధముగ గతపు హడావిడికి సమాధానమే.

ఇంతలో నియంత్రణ వచ్చెను. 1993 చట్టముచే అధికారము పొంది 1995లో పని మొదలిడిన జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి దూరవిద్యా బి.ఎడ్.ను పనిలో ఉన్నవారికి పరిమితము చేసెను. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మగారి సంఘము 2012లో ఇంకొక అడుగు ముందుకు వేసి, ఉపాధ్యాయవృత్తికి తొలి అర్హతను గురుముఖమున మాత్రమే ఈయవలెననియు, దూరవిద్యను వృత్తిలో ఉన్నవారి తదుపరి వికాసమునకు వాడవలెననియు చెప్పెను. 2014 నియమములచే సాధారణ బి.ఎడ్. రెండు సంవత్సరములైనది, దూరవిద్యా బి.ఎడ్. అదివరకే శిక్షణ పొంది ప్రాథమిక పాఠశాలలలో పనిచేయుచున్నవారికి నిర్దేశింపబడినది. అనగా, సన్నదారి వెడల్పై, వెడల్పైనచో దారి తప్పి, మరల సన్ననిదైనది. వర్మ సంఘము భయము న్యాయమైనదే. అయినను, పనిచేయుచు నేర్చుకొనుటకు గల విలువ గూడ ఆ కత్తెరలో కొంత తెగిపోయినదని నా అభిప్రాయము. దోషము తపాలాది కాదు. తరగతి వెనుక బల్లపై ఎవ్వరును కూర్చుండకపోవుటది.

అవసరము వచ్చినపుడు ప్రభుత్వమునకును దూరవిద్యయే దిక్కైనది. శిక్షణ లేక ప్రాథమిక పాఠశాలలలో పనిచేయువారెల్లరు 2019 మార్చి 31లోగా అర్హత సంపాదింపవలెనని 2017లో చట్టమును సవరించినపుడు, 13 లక్షలకు పైబడిన ఉపాధ్యాయులు జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థవారి డిప్లొమా కోర్సులో చేరిరి. పాఠములు అంతర్జాలమునను, ఉపగ్రహ టెలివిజనునను వచ్చినవి. అర్ధణా ఉత్తరము చేయలేని వేగము అది.

2020 నాటి జాతీయ విద్యావిధానము 2030 నాటికి నాలుగేండ్ల సమగ్ర పట్టమును ఉపాధ్యాయునికి కనీసార్హత చేయవలెనని సంకల్పించుచు, మారుమూలల విద్యార్థులకును, పనిలో ఉన్న గురువులకును యోగ్యమైన విద్యాసంస్థలు దూరవిద్యద్వారా బి.ఎడ్. ఈయవచ్చునని గూడ ఒక వాక్యము చేర్చినది. ఈ నాలుగేండ్ల చదువు క్రొత్తది కాదు. ప్రాంతీయ కళాశాలలు పుట్టిననాటినుండియు దానిని నడపినవి. 1966 వేసవిలో కొలువు విడువని గురువులు మైసూరు చేరునప్పటికే, ఇంటరు ముగించి నేరుగ ఉపాధ్యాయులు కాదలచిన యువకుల కోర్సు అదే ఆవరణలో నడచుచుండెను. ఆ కళాశాలకు 1995నుండి ప్రాంతీయ విద్యాసంస్థ అని పేరు. దాని ఆవరణలోని అభ్యాస పాఠశాలలో నేటికిని పిల్లలు చదువుచున్నారు. తరగతుల వెనుక, చేత పుస్తకము పట్టుకొని, ఉపాధ్యాయులు కాబోవువారు కూర్చుండి చూచుచున్నారు.